తుంటి డిస్‌ప్లేసియా ఆపరేషన్: గడువు దేనికి ఉంది, దేనికి లేదు

మీరు రాసిన సంగతిని ముందు క్లుప్తంగా చెప్తాను, ఇదే పరిస్థితిలో ఉన్న మరికొందరికి పనికొస్తుంది. మీకు 26 ఏళ్ళు. సొంతూరు ఒంగోలు, ఉద్యోగం బెంగళూరులో, మారతహళ్ళిలో పీజీలో మూడో అంతస్తులో ఉంటున్నారు. రెండేళ్ళుగా కుడి గజ్జలో నొప్పి. మొదట నడుము సమస్య అనుకుని నడుముకే ఎంఆర్ఐ తీశారు, ఏమీ కనబడలేదు. చివరికి తుంటి ఎక్స్‌రేలో డిస్‌ప్లేసియా, అంటే తుంటి గిన్నె లోతు తక్కువని తేలింది. కుడివైపు సెంటర్ ఎడ్జ్ యాంగిల్ 15 డిగ్రీలు, టోనిస్ యాంగిల్ 18 డిగ్రీలు, అరుగుదల గ్రేడ్ 0, అంటే ఇంకా అరగలేదు, ఎంఆర్ఐలో లేబ్రమ్ (గిన్నె అంచు పట్టీ) చిరిగింది అని రిపోర్టు. ఒక డాక్టరు కీహోల్ పద్ధతిలో, అంటే చిన్న కోతల గుండా, లేబ్రమ్ కుట్టేద్దాం అన్నారు. రెండో ఆయన పీఏఓ (పెరిఅసెటాబ్యులర్ ఆస్టియాటమీ, గిన్నె చుట్టూ ఎముకను కోసి తిప్పి బిగించే ఆపరేషన్) చేయాలన్నారు. మూడో ఆయన ఇప్పుడేమీ వద్దు, ఓర్చుకోగలిగినంత కాలం ఓర్చుకుని నలభై దాటాక కీలు మార్పించుకోండి అన్నారు. ఇంట్లోవాళ్ళు ముందు పెళ్ళి కానివ్వమంటున్నారు, నాన్నగారు ఒకసారి ఎముకల కట్టుకు పుత్తూరు వెళ్దాం అంటున్నారు. ఎవరి మాట వినాలి అన్నది మీ ప్రశ్న.

నేను సర్జన్‌ని కాను, ఫిజియోథెరపిస్టుని. మాది అనంతపురం వైపు. చాలా ఏళ్ళుగా బెంగళూరులో తుంటి, మోకాలు ఆపరేషన్లయిన వాళ్ళను నడిపించడమే నా పని. డిస్‌ప్లేసియాకు సమయానికి ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళను చూశాను, వద్దనుకుని బాగానే ఉన్నవాళ్ళను చూశాను, వాయిదా వేసీ వేసీ చేతులు దాటాక వచ్చినవాళ్ళనూ చూశాను. నా మాటను మీ సర్జన్ మాటకు బదులుగా తీసుకోకండి. ఆయన దగ్గర ఏం అడగాలో తెలుసుకోవడానికి వాడుకోండి.

నా అభిప్రాయం సూటిగా ఇది. మీ ముందున్న మూడు దారుల్లో పీఏఓకు గడువు ఉంది, కీలు గుజ్జు బాగున్నంత కాలమే అది పని చేస్తుంది. కీలు మార్పిడికి గడువు లేదు, ఇవాళైనా ఇరవై ఏళ్ళ తర్వాతైనా చేయవచ్చు. కీహోల్ ఒక్కటే చేయించుకోవడం మీ కొలతలకు సరిపోదు. మీరు తేల్చుకోవలసింది ఆ గడువు మీ విషయంలో ఎంత దగ్గర్లో ఉందన్నది.

ఎందుకు అంటున్నానో చెప్తాను. తొడ ఎముక తల బంతిలా ఉంటుంది, దాన్ని పట్టి ఉంచే గిన్నె కటి ఎముకలో ఉంటుంది. మీ గిన్నె లోతు తక్కువ, పైకప్పు ఏటవాలుగా ఉంది. ఇంటికి చూరు చాలకపోతే ప్రతి వానకూ గోడ అదే చోట తడిసి, ఏళ్ళు గడిచేసరికి అక్కడే పెచ్చులూడుతుంది. మీ తుంటిలో ఒంటి బరువంతా గిన్నె అంచున ఉన్న కాస్త జాగా మీద పడుతోంది. సెంటర్ ఎడ్జ్ యాంగిల్ ఆ కప్పు ఎంత ఉందో చెప్పే కొలత, స్వీడన్‌కు చెందిన విబెర్గ్ 1939లో చెప్పింది. 25 డిగ్రీలు, ఆపైన ఉంటే మామూలు. 20 లోపు ఉంటే డిస్‌ప్లేసియా. మధ్యలో ఉన్నవాళ్ళ గురించి సర్జన్లే ఒక మాట మీద ఉండరు, కానీ మీ 15 ఆ వాదన పరిధిలో లేదు. టోనిస్ యాంగిల్ పైకప్పు వాలును చెప్తుంది, 10 దాటితే ఎక్కువ, మీది 18. రెండు కొలతలూ ఒకే మాట చెప్తున్నాయి.

లేబ్రమ్ గిన్నె అంచు చుట్టూ ఉండే మెత్తటి పట్టీ. ఎముక మోయాల్సిన బరువును అది నెత్తికెత్తుకుంటుంది, లావెక్కుతుంది, ఒకనాటికి చిరుగుతుంది. కూర్చుని లేచేటప్పుడు గజ్జలో కలుక్కుమంటుందని, ఏదో పట్టేసి వదిలినట్టు ఉంటుందని మీరు రాశారు, అది చాలావరకు దీని వల్లే. సాయంత్రానికి తుంటి పక్కన బరువుగా లాగడం, కాలు ఈడుస్తూ నడవడం మాత్రం వేరు. బంతి జారకుండా పట్టి ఉంచడానికి పక్క కండరాలు రోజంతా అదనంగా పని చేసి అలసిపోతాయి.

అందుకే మొదటి డాక్టరు మాట దగ్గర నేను గట్టిగా ఆగమంటాను. చిరుగు కనబడింది, కుట్టేద్దాం అనడం వినడానికి సులువుగా ఉంటుంది. చిన్న కోతలు, ఒకటి రెండు రోజుల ఆసుపత్రి, ఇంట్లోవాళ్ళూ వెంటనే ఒప్పుకుంటారు. కానీ పట్టీని చింపిన బరువు అలాగే ఉంటుంది, కుట్టిన పట్టీ మీదే మళ్ళీ పడుతుంది. దానికి తోడు కీలులోకి వెళ్ళడానికి ముందున్న క్యాప్సూల్‌ను, అంటే కీలును చుట్టి పట్టి ఉంచే పొరను కోయాలి. అసలే వదులుగా ఉన్న కీలులో దాన్ని సరిగా మూయకపోయినా, అంచు ఎముకను గీకినా, లేబ్రమ్‌ను తీసేసినా బంతి ఇంకా జారుతుంది, అరుగుదల తొందరపడుతుంది. కప్పు బాగా తక్కువున్న తుంటికి కీహోల్ ఒక్కటే చేయకూడదన్నది ఈ రంగంలో ఇప్పుడు స్థిరపడిన మాట. పీఏఓతో పాటుగా లేబ్రమ్‌కు కూడా చికిత్స చేద్దామని ఎవరైనా అంటే అది వేరే సంగతి, దానికి అర్థం ఉంది.

ఇక పీఏఓ. స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో రైన్‌హోల్డ్ గాంజ్, ఆయన బృందం 1984లో మొదలుపెట్టిన ఆపరేషన్ ఇది, అందుకే కొందరు డాక్టర్లు గాంజ్ ఆస్టియాటమీ అంటారు. గిన్నె చుట్టూ కటి ఎముకను కోసి, గిన్నెను విడిగా కదిలేలా చేసి, బంతి మీదికి కప్పు వచ్చేలా తిప్పి, స్క్రూలతో బిగిస్తారు. వినగానే భయం వేస్తుంది, నిజంగా పెద్ద ఆపరేషనే. అయితే కటి ఎముక వెనక స్తంభాన్ని తెంచరు, అందువల్ల నడుము కింది వలయం నిలబడే ఉంటుంది, ఒకటి రెండు రోజుల్లోనే చంకకర్రలతో లేపి నిలబెట్టగలుగుతారు. మీ కీలు మీకే ఉంటుంది, మీ గుజ్జు మీకే ఉంటుంది. బరువు పడే చోటు మాత్రం మారుతుంది.

ఎంతకాలం నిలుస్తుందని అడిగారు. బెర్న్‌లో మొట్టమొదట చేసిన 75 తుంటులను వాళ్ళు దశాబ్దాల పాటు గమనించారు. 20 ఏళ్ళ నాటికి వాటిలో దాదాపు 60 శాతం కీలు మార్చకుండా నిలిచాయి. 30 ఏళ్ళ నాటికి నొప్పీ, అరుగుదల పెరగడం, కీలు మార్పిడీ ఏదీ లేకుండా మిగిలినవి మూడోవంతుకు లోపే. ఈ అంకెలు చూసి నిరుత్సాహపడకండి. అవి ఆ ఆపరేషన్ నేర్చుకుంటున్న తొలి రోజుల తుంటులు, కొన్నింటిలో అప్పటికే అరుగుదల ఉంది. ఆ పరిశీలనల్లో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించేది వేరు: ఆపరేషన్ నాటికి వయసు ఎక్కువున్నవాళ్ళు, గుజ్జు అరిగినవాళ్ళు ముందుగా ఓడిపోయారు. చిన్న వయసులో, అరుగుదల లేకుండా వచ్చినవాళ్ళ తుంటులు ఎక్కువ కాలం నిలిచాయి. మీ గ్రేడ్ 0 అన్న మాట విలువ అది. గ్రేడ్ 2కు, అంటే గుజ్జు చెప్పుకోదగ్గంత అరిగిన స్థితికి చేరాక ఈ ఆపరేషన్ చేస్తానని మంచి సర్జన్ ఎవరూ సాధారణంగా అనరు.

మూడో డాక్టరుగారిని నేను తప్పుపట్టను. నొప్పి చాలా తక్కువున్నవాళ్ళకు, గుజ్జు ఇప్పటికే పోయినవాళ్ళకు ఆయన సలహా సరైనదే. కీలు మార్పిడి నేడు చాలా మంచి ఆపరేషన్. 1962లో ఇంగ్లండులో జాన్ చార్న్లీ దాన్ని స్థిరమైన రూపానికి తెచ్చినప్పటి నుంచి లక్షల మంది నడిచారు. 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన పెద్ద విశ్లేషణ ప్రకారం మార్చిన తుంటుల్లో 58 శాతం దాకా 25 ఏళ్ళు పనిచేస్తాయి. పాతకాలపు ప్లాస్టిక్ కన్నా ఇప్పుడు వాడే క్రాస్ లింక్డ్ ప్లాస్టిక్, సిరామిక్ తక్కువ అరుగుతాయి కాబట్టి ఇకమీదట ఇంకా మెరుగ్గా ఉండొచ్చు. కానీ ఆ లెక్కలో ఎక్కువమంది పెద్ద వయసువాళ్ళు. 26 ఏళ్ళ మనిషి రోజుకు నడిచే నడక, మిగిలి ఉన్న ఆయుష్షు వేరు. ఇప్పుడు మార్పించుకుంటే జీవితంలో ఇంకోసారి, బహుశా ఇంకా రెండుసార్లు తెరవాల్సి రావచ్చు, తెరిచిన ప్రతిసారీ ఎముక తగ్గుతుంది, పని కష్టమవుతుంది. నలభై దాటాక అంటున్నారు కదా, మరి ఈ పద్నాలుగేళ్ళు? గ్రేడ్ 0లో ఉన్న మనిషికి ఈలోపు గుజ్జును కాపాడే దారి ఉందని చెప్పకుండా కాలం గడపమనడమే నాకు నచ్చని సంగతి. పీఏఓ చేయించుకున్నవాళ్ళకు తర్వాత అవసరమైతే కీలు మార్చవచ్చు. గిన్నె తిరిగి ఉంటుంది కాబట్టి సర్జన్ ముందుగా లెక్క చూసుకోవాలి, అంతే. కీలు మార్చేశాక మాత్రం పీఏఓ అన్న ప్రశ్నే రాదు.

అలాగని రేపే టేబుల్ ఎక్కమనడం లేదు. గడువు అన్నది నెలల్లో, ఒకటి రెండేళ్ళలో లెక్క, రోజుల్లో కాదు. ఎక్స్‌రేలో కోణం చూసి, నొప్పి లేకుండానే ఆపరేషన్ చేసే పద్ధతి లేదు. మీకు నొప్పి ఉంది, అది మీ బతుకును ఎంత కుదించిందన్నది మీరే చెప్పగలరు. ఆఫీసులో లిఫ్టు పక్కనే ఉన్నా దాని దాకా నడవాలంటే ఆలోచిస్తున్నారా? రాత్రి పక్క తిరిగినప్పుడు మెలకువ వస్తోందా? కబ్బన్ పార్కుకు వెళ్దామంటే రానని చెప్పడం మొదలుపెట్టారా? కూచిపూడి నేర్చుకున్నానని, ఏడాదిగా మానేశానని మీరు ఒక చోట రాశారు. అరమండి, అంటే మోకాళ్ళు పక్కలకు వంచి సగం కూర్చునే భంగిమ మానేశారంటే సరే. మామూలు నడక కూడా తగ్గించుకుంటూ వస్తున్నారంటే అది ఆపరేషన్ వైపు మొగ్గే సంకేతం.

నేనైతే ముందు మూడు నాలుగు నెలలు ఒళ్ళు వంచి వ్యాయామం చేయిస్తాను. తుంటి పక్క కండరాలు, పిరుదులు, పొట్ట లోపలి కండరాలు బలపడితే కొందరికి నొప్పి నిజంగానే చాలా తగ్గుతుంది, వాళ్ళు ఏటా ఒక ఎక్స్‌రేతో నిశ్చింతగా ఉండొచ్చు. తగ్గకపోయినా ఆ శ్రమ వృథా కాదు, ఆపరేషన్ తర్వాత లేచి నిలబడేది ఆ కండరాల మీదే. ఈ నెలల్లో పరుగు, గెంతులు వద్దు. ఈత, సైకిలు మంచివి. యోగా క్లాసులో టీచరు కాలును ఇంకా తెరవమంటే వద్దని చెప్పండి. పద్మాసనం, కపోతాసనం లాంటివి మీ కీలును గిన్నె అంచు మీదికి నెడతాయి. డిస్‌ప్లేసియా ఉన్నవాళ్ళలో చాలామంది ఒళ్ళు సహజంగానే బాగా వంగుతుంది, అందరూ మెచ్చుకుంటారు, ఆ మెచ్చుకోలుతోనే కీలు పాడవుతుంది. నొప్పి కీలులోంచేనా అన్న అనుమానం ఇంకా ఉంటే కీలు లోపలికి మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చూస్తారు. కొన్ని గంటల పాటు నొప్పి మాయమైతే చోటు అదేనని తేలినట్టే. అంత మాత్రాన స్టెరాయిడ్ ఇంజెక్షన్లు పదేపదే వేయించుకోవద్దు.

నాన్నగారికి పుత్తూరు గురించి ఇలా చెప్పండి. పుత్తూరు కట్టు విరిగిన ఎముకకు. మీ ఎముక విరగలేదు, పుట్టి పెరిగేటప్పుడే ఆ ఆకారంలో గట్టిపడింది. పసిబిడ్డకు ఆరు నెలల లోపు పట్టీలతో కాళ్ళు విడదీసి ఉంచితే గిన్నె సరిగ్గా పెరుగుతుంది. 26 ఏళ్ళకు బయటి నుంచి ఏ కట్టూ దాన్ని లోతు చేయలేదు. నూనె మర్దన వల్ల పట్టేసిన కండరాలకు హాయిగా ఉంటే చేయించుకోండి, అందులో తప్పు లేదు. కీలు సరిచేస్తానని కాలు మెలితిప్పేవాళ్ళ దగ్గరికి మాత్రం వెళ్ళకండి.

సర్జన్‌ను ఎంచుకోవడం ఆసుపత్రిని ఎంచుకోవడం కన్నా ముఖ్యం. మన దేశంలో చిన్న వయసులో తుంటి పాడవడానికి పెద్ద కారణం ఏవీఎన్, అంటే రక్తం అందక బంతి చచ్చుబడిపోవడం. అందువల్ల కీలు మార్పిడిలో ఆరితేరిన డాక్టర్లు బెంగళూరులో, చెన్నైలో చాలామంది ఉన్నారు, పీఏఓ క్రమం తప్పకుండా చేసేవాళ్ళు మాత్రం కొద్దిమందే. పెద్ద బోర్డు, పెద్ద పేరు చూసి ఈ ఆపరేషన్‌లో చేయి తిరిగి ఉందనుకోకూడదు. ఏడాదికి ఎన్ని పీఏఓలు చేస్తారు, ఎక్కడ నేర్చుకున్నారు, ఇప్పటిదాకా చేసినవాళ్ళలో నరం దెబ్బతిన్నవాళ్ళు ఉన్నారా, ఎముక అతకనివాళ్ళు ఉన్నారా, నాలాంటి వయసు పేషెంటు ఎవరైనా ఒప్పుకుంటే మాట్లాడించగలరా అని అడగండి. అడిగినందుకు చిరాకుపడే డాక్టరు దగ్గర చేయించుకోకండి. ఈ పని బాగా తెలిసినవాళ్ళు ఆ ప్రశ్నలకు ఓపిగ్గా జవాబు చెప్పడం నేను చూశాను, వాళ్ళే ముందుగా అపాయాల గురించి మొదలుపెడతారు. అవసరమైతే చెన్నైకో, వేలూరుకో, కోయంబత్తూరుకో, హైదరాబాదుకో వెళ్ళండి. ఆపరేషన్ జీవితంలో ఒక్కసారి, ఫిజియో ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది.

అపాయాలు దాచను. తొడ బయటి వైపు ఒక చోట తిమ్మిరి, మొద్దుబారడం చాలామందికి ఉంటుంది, కొందరికి అలాగే ఉండిపోతుంది, దానితో బతకడం కష్టం కాదు. పెద్ద నరం దెబ్బతిని పాదం పైకి లేవకపోవడం అరుదు, కానీ జరుగుతుంది. రక్తం గడ్డకట్టడం, ఇన్ఫెక్షన్, ఏదో ఒక కోత దగ్గర ఎముక అతకకపోవడం ఉన్నాయి. గిన్నెను మరీ ఎక్కువ తిప్పేస్తే ముందు వైపు ఎముకకు ఎముక తగిలి కొత్త నొప్పి మొదలవుతుంది. చేయి తిరిగిన సర్జన్ అవసరమని పదే పదే అనేది ఇందుకే. పొగతాగే అలవాటుంటే మానాలి, ఎముక అతకదు. విటమిన్ డి పరీక్ష చేయించి తక్కువుంటే ముందే సరిచేసుకోండి, రోజంతా ఏసీ ఆఫీసుల్లో ఉండేవాళ్ళలో తక్కువ ఉండటం నేను తరచూ చూస్తాను. గర్భనిరోధక మాత్రలు కానీ, పండగకో పెళ్ళికో నెలసరి వాయిదా వేసే మాత్రలు కానీ వాడుతుంటే, రక్తం గడ్డకట్టే అపాయం దృష్ట్యా డాక్టరుకు తప్పక చెప్పండి. ఇంట్లోవాళ్ళ ముందు చెప్పడం ఇబ్బందైతే వాళ్ళను బయట కూర్చోమని చెప్పే హక్కు మీకుంది.

ఆ తర్వాత ఎలా ఉంటుందో, ఎవరూ సరిగ్గా చెప్పని భాగం ఇది. ఆసుపత్రిలో నాలుగైదు రోజులు, ఒక్కోసారి వారం. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆ కాలి మీద పాదం ఆనించడం తప్ప బరువు వేయకూడదు. అంటే ఒక చేత్తో కాఫీ గ్లాసు పట్టుకుని నడవలేరు, చేతులు రెండూ కర్రల మీదే. మూడో అంతస్తు పీజీలో ఇది కుదరదు. లిఫ్టు ఉన్న ఇల్లో, కింది అంతస్తు ఇల్లో మూడు నెలలకు అద్దెకు తీసుకోండి, అమ్మ వచ్చి ఉంటారంటే ఇంకా మంచిది. వెస్టర్న్ టాయిలెట్ ఉండాలి, దాని మీద ఎత్తు పెంచే సీటు వేయించుకోవాలి. స్నానానికి ప్లాస్టిక్ కుర్చీ, జారని మ్యాట్. వానాకాలంలో ఆపరేషన్ పెట్టుకోవద్దని నేను గట్టిగా చెప్తాను, తడిసిన టైల్స్ మీద కర్ర జారి పడ్డవాళ్ళ బాధ చూశాను. రాత్రిళ్ళు వెల్లకిలా పడుకోవడం, నొప్పి మాత్రల వల్ల మలబద్ధకం, మూడో వారంలో ఎందుకు చేయించుకున్నానా అన్న ఏడుపు, ఇవన్నీ వస్తాయి, పోతాయి.

ఎక్స్‌రేలో అతుకు కనబడ్డాక బరువు కొంచెం కొంచెంగా వేయిస్తాం. ఇంటి నుంచి పని రెండో నెలలో మొదలుపెట్టగలిగేవాళ్ళు ఎక్కువ. ఆఫీసుకు వెళ్ళడం మూడు నెలల తర్వాత అనుకోండి. అప్పుడు కూడా సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో రెండు గంటలు కదలకుండా కూర్చోవడం కన్నా లిఫ్టులున్న మెట్రో మేలు. మీది కుడి కాలు కాబట్టి కర్రలు పూర్తిగా వదిలి బ్రేకు గట్టిగా తొక్కగలిగేదాకా బండి, కారు రెండూ వద్దు. కుంటు నాలుగైదు నెలలు ఉంటుంది. ఏడాది నిండితే కానీ ఇది నా కాలు అనిపించదు. ఒంగోలు వెళ్ళిపోయి అక్కడే కోలుకుందామని చాలామంది అనుకుంటారు. మొదటి ఎక్స్‌రే అయ్యేదాకా సర్జన్‌కు దగ్గర్లో ఉండండి, ఆ తర్వాత రైల్లో లోయర్ బెర్త్ తీసుకుని వెళ్ళండి, రాత్రి బస్సు వద్దు.

కింద కూర్చోవడం గురించి అడిగారు. బాసింపట్టు చాలామందికి నెమ్మదిగా తిరిగి వస్తుంది. పూర్తిగా గొంతుక్కూర్చోవడం కొందరికి ముందుకన్నా తగ్గుతుంది, కప్పు పెరిగింది కాబట్టి వంగే దూరం తగ్గుతుంది. అరమండి సంగతి మీ గురువుగారితో, సర్జన్‌తో ఇద్దరితో మాట్లాడాలి. పూర్తి స్థాయి నాట్యం తిరిగి వస్తుందని మాట ఇచ్చేవాళ్ళను నమ్మకండి, అసలు రాదనేవాళ్ళనూ నమ్మకండి.

పెళ్ళి విషయం. అమ్మానాన్నలకు భయం ఎక్కడుందో నాకు తెలుసు: కర్రలతో ఉన్న అమ్మాయికి సంబంధాలు రావని, మచ్చ ఉందంటారని, పిల్లలు పుట్టరేమోనని. చివరిది ముందు తీర్చేద్దాం. పీఏఓ తర్వాత గర్భం వస్తుంది, మామూలు కాన్పులూ అవుతాయి. ఎముకలు పూర్తిగా అతికి, కండరాలు కోలుకునేదాకా, అంటే ఏడాది దాకా ఆగమని చెప్తారు. కాన్పు డాక్టరుకు ఆపరేషన్ సంగతి, ఎక్స్‌రే చూపించాలి, అంతే. అసలు కష్టం వేరే చోట ఉంది. ఆపరేషన్ లేకుండా నొప్పితోనే పెళ్ళయి, వెంటనే గర్భం వస్తే బరువు పెరుగుతుంది, కీళ్ళ పట్టు వదులవుతుంది, నొప్పి తొలిసారి అప్పుడే భరించలేనంతగా మారినవాళ్ళు నా దగ్గరికి వచ్చారు. చంటిబిడ్డ ఉన్న తల్లి రెండు నెలలు బిడ్డను ఎత్తుకుని నడవకుండా ఉండటం ఎంత కష్టమో ఆలోచించండి. అప్పుడు ఇంకో రెండేళ్ళు వాయిదా, గుజ్జు అంతదాకా ఆగకపోవచ్చు. ఇంట్లో ఈ వరుస చెప్పండి: ముందు ఆపరేషన్, ఏడాది కోలుకోవడం, తర్వాత పెళ్ళి. 27కో 28కో పెళ్ళంటే ఈ రోజుల్లో ఆలస్యమేమీ కాదు.

దాచి పెళ్ళి చేయడం మాత్రం వద్దు. పీటల మీద గంటల తరబడి కూర్చోవాలి, అత్తగారింట్లో వ్రతానికి కింద కూర్చోవాలి, ఎన్నాళ్ళు నవ్వుతూ ఓర్చుకుంటారు? చెప్పాల్సింది రెండు మాటలే: పుట్టుకతో తుంటి గిన్నె లోతు తక్కువ, సరిచేయించుకున్నాను. దానికి వెనకడుగు వేసే ఇల్లు మీకు వద్దు. రేపు మీకు బిడ్డ పుడితే ఆరు వారాలప్పుడు తుంటికి అల్ట్రాసౌండ్ చేయించండి, కుటుంబంలో ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ. కాళ్ళు చాపి బిగించి గుడ్డ చుట్టడం మానిపించండి. అమ్మమ్మ కాళ్ళు విడదీసి చంకనెత్తుకుంటే అది ఆ కీలుకు మంచిదే.

డబ్బు దగ్గర ఒక్క సంగతి మాత్రం వివరంగా చెప్తాను, దీని వల్ల దెబ్బతిన్నవాళ్ళున్నారు. పుట్టుకతో వచ్చిన లోపం అని చెప్పి ఇన్సూరెన్స్ కంపెనీలు తిరస్కరించడానికి చూస్తాయి. పాలసీల్లో బయటికి కనబడే పుట్టుక లోపాలకు, లోపలి వాటికి నిబంధనలు వేరు, సాధారణంగా మినహాయించేది బయటికి కనబడేవాటినే. మీది లోపలిది. ఆసుపత్రి పంపే కాగితాల్లో అది స్పష్టంగా ఉండేలా సర్జన్‌ను అడగండి. ఆఫీసు వాళ్ళ గ్రూపు పాలసీ చాలావరకు పాత జబ్బులకు మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. సొంతంగా తీసుకున్న పాలసీలో పాత జబ్బుకు మూడేళ్ళ దాకా నిరీక్షణ పెట్టవచ్చు, 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నాలుగు నుంచి మూడుకు తగ్గించింది. కాబట్టి మీ పాలసీ కాగితం హెచ్ఆర్ దగ్గర తీసుకుని చదవండి, ఆపరేషన్ తేదీకి ముందే అనుమతి రాతలో తెప్పించుకోండి, ఇదంతా తేలేదాకా ఉద్యోగం మారకండి.

ఇప్పుడు చేయాల్సింది: నిలబడి తీసిన కటి ఎక్స్‌రే ఉందో లేదో చూసుకోండి, పడుకోబెట్టి తీసినదానిలో కొలతలు మారతాయి. పక్కకు తిరిగి నిలబడి తీసే ఫాల్స్ ప్రొఫైల్ ఎక్స్‌రే కూడా తీయించండి, ముందువైపు కప్పు అందులోనే తెలుస్తుంది. తొడ ఎముక మెలిక చూడటానికి సీటీ అవసరమా అని సర్జన్‌ను అడగండి. ఫిల్ములు, రిపోర్టు కాగితాలు మాత్రమే కాకుండా సీడీ తీసుకోండి. వీటన్నిటితో పీఏఓ తరచూ చేసే ఒకరి దగ్గరికి వెళ్ళి, నా గుజ్జు ఇప్పుడు ఎలా ఉంది, ఏడాది ఆగితే నేను పోగొట్టుకునేది ఏమిటి అని అడగండి. ఎడమ తుంటి కోణం కూడా కొలిపించి రాయించుకోండి. ఈ లోపం చాలామందిలో రెండు వైపులా ఉంటుంది, మీరు రాసినదాంట్లో ఎడమ కొలత లేదు.